నాన్నగారి రిటర్న్ టికెట్

(మహాసభల్లో సీనియర్ల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకీ, ముందు వరసల్లో కూర్చున్న అమ్మలకీ నాన్నలకీ, వెనకాల నించుని భోజనాల హాలు వైపు చూస్తున్న నా తోటివాళ్ళకీ నమస్కారం. వడ్డన మొదలయ్యేలోగా ముగించమని నిర్వాహకులు ముందే చెప్పారు. ప్రయత్నిస్తాను.

నాకిచ్చిన విషయం "రిటైర్మెంటు ఎక్కడ?" అని. నేను ఫైనాన్షియల్ అడ్వైజర్ని కాను, ఇమ్మిగ్రేషన్ లాయర్ని కాను. పాతికేళ్ళుగా డేటాబేసులు చూసుకుంటూ బతుకుతున్న ఇంజనీర్ని. 401కె లో ఎంత పెట్టాలి, ఎప్పుడు తియ్యాలి అని వినడానికి వచ్చినవాళ్ళుంటే పక్క గదిలో దాని మీద ఒక సెమినార్ నడుస్తోంది, ఇప్పుడే వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. నేను చెప్పగలిగింది మా నాన్నగారి గురించి. ఆయన విషయంలో నేను చేసిన పొరపాట్లు కొన్ని ఉన్నాయి. అవి మీలో కొందరు ఇప్పుడు చేస్తూ ఉండొచ్చు.

నాన్నగారు 1942 లో పుట్టారు. తెనాలి దగ్గర పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మేష్టారుగా చేరి, హెడ్మాస్టరుగా 2000 లో రిటైరయ్యారు. నేను అమెరికా వచ్చిందీ ఆ ఏడే. ఆయన రిటైర్మెంటు సన్మానంలో వేసిన దండ ఇంకా వాడకముందే నన్ను రైలెక్కించారు. ఆ తర్వాత పధ్నాలుగేళ్ళు ఆయనకి ఏ లోటూ లేదు. పెన్షను వచ్చేది. పొద్దున్నే పాలకేంద్రం అరుగు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం లైబ్రరీలో పేపరు. ఏటా ఒకసారి తాను బతికే ఉన్నట్టు సబ్ ట్రెజరీకి రుజువు ఇచ్చుకోవాలి. ఆ పని ఆయనకి పండగలా ఉండేది. ఇస్త్రీ చొక్కా వేసుకుని తెనాలి వెళ్ళి, పాత స్నేహితులందర్నీ ఆ వరసలోనే కలిసి, కాఫీ తాగి వచ్చేవారు. "నేను ఉన్నానా పోయానా అని ఏటా కాగితం పెట్టి మరీ అడిగేది ఆ ట్రెజరీ వాళ్ళేరా" అనేవారు. ఆ మాట నాకు తగలాలని అన్నారో లేదో అప్పట్లో ఆలోచించలేదు.

మా తరం ఇంజనీర్ల ఇళ్ళల్లో పెద్దవాళ్ళ రాకపోకలకి ఒక క్యాలెండరు ఉండేది, మీ అందరికీ తెలుసు. కాన్పుకి అమ్మాయి తరఫు వాళ్ళు ఆరు నెలలు. వాళ్ళ ఐ-94 గడువు తీరే వారానికి ముందు అబ్బాయి తరఫు వాళ్ళు దిగుతారు. ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారినప్పుడు ఒకళ్ళు చార్జి అప్పగించి ఒకళ్ళు తీసుకున్నట్టే, వియ్యపురాళ్ళిద్దరూ వంటింట్లో డబ్బాలు చూపించుకుని చార్జి మార్చుకునేవారు. 2005 లో మా అబ్బాయి పుట్టినప్పుడు అమ్మా నాన్నగారూ అలాగే వచ్చారు. అప్పటికి హైదరాబాదులో అమెరికన్ కాన్సులేటు లేదు, అది 2008 లో వచ్చింది. తెనాలి నుంచి రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్ళి, తెల్లవారుజామున కాన్సులేటు బయట వరసలో నించుని వీసా తెచ్చుకున్నారు. 2008 లో మా అమ్మాయి పుట్టినప్పుడు మళ్ళీ వచ్చారు. పిల్లలకి నీళ్ళు పోసే చేతులు మనకి అవసరమైనప్పుడు ఈ దేశం వాళ్ళకి సరిపడుతుందా లేదా అని మనం అడగలేదు. ఆ ప్రశ్న మనకి తర్వాతెప్పుడో వచ్చింది, పిల్లలు పెద్దయ్యాక.

2012 లో అమ్మ పోయింది. అదే ఏడు నాకు అమెరికా పౌరసత్వం వచ్చింది. పౌరుడై ఇరవై ఒక్క ఏళ్ళు దాటినవాడు తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు పెట్టుకుంటే ఏళ్ళ తరబడి వరస ఉండదు, వాళ్ళ వర్గానికి సంఖ్యా పరిమితి లేదు. పెట్టాను. ఐ-864 అనే హామీ పత్రం మీద సంతకం చేశాను. నా కుటుంబంతో పాటు ఆయన్ని కూడా పేదరికపు గీతకి 125 శాతం పైన ఉంచుతానని ప్రభుత్వానికి ఇచ్చే మాట అది. ఆయన పౌరుడయ్యేదాకానో, నలభై క్వార్టర్ల పని లెక్కలోకి వచ్చేదాకానో, ఈ దేశం వదిలేదాకానో అది చెల్లుతూనే ఉంటుంది. చాలామంది ఆ కాగితం చదవకుండానే సంతకం పెడతారు. నేను చదివాను. చదివి గర్వపడ్డాను కూడా. నాన్నగారిని నేను చూసుకుంటానని ఒక దేశానికే రాసిచ్చాను కదా అని.

2014 మేలో వచ్చారు. మా ఇల్లు న్యూజెర్సీలో, ఎడిసన్ కి నలభై నిమిషాల దూరం. ఆ నలభై నిమిషాలే కొంప ముంచాయి. ఎడిసన్ లోనో, ఐసెలిన్ లోనో ఉంటే ఓక్ ట్రీ రోడ్డు మీద నడుస్తూ రోజుకి పదిమందితో మాట్లాడొచ్చు. అక్కడ మనవాళ్ళ కోసం నడిచే అడల్ట్ డే కేర్లు ఉన్నాయి. పొద్దున్న వ్యాను వచ్చి తీసుకెళ్తుంది, శాకాహార భోజనం, క్యారమ్స్, భజన, నర్సు బీపీ చూస్తుంది, మధ్యాహ్నం దింపేస్తారు. మేము స్కూళ్ళ ర్యాంకు చూసి ఇల్లు కొనుక్కున్నాం. మా వీధికి పేవ్‌మెంటు లేదు. మా ఇంటి నుంచి ఏదైనా కొట్టుకి నడిచి వెళ్ళాలంటే కార్ల రోడ్డు అంచున గడ్డిలో నడవాలి. ఒకసారి అలా నడుస్తుంటే ఎవరో కారాపి, "మీకేమైనా సాయం కావాలా, దారి తప్పారా?" అని అడిగారట. మంచి మనసుతోనే అడిగారు. ఆ రోజు నుంచి ఆయన రోడ్డు మీదకి వెళ్ళలేదు.

పొద్దున ఏడున్నరకి మేమిద్దరం ఆఫీసులకి, పిల్లలు బడికి. మధ్యాహ్నం మూడున్నర దాకా ఆయనా, ఫ్రిజ్ చప్పుడూ. టీవీలో తెలుగు చానళ్ళు పెట్టించాను. అవి చూస్తే ఇంటి మీద బెంగ ఇంకా పెరిగేది. పిల్లలు వచ్చాక ప్రాణం లేచి వచ్చేది. మా అబ్బాయికి ఎక్కాలు పదహారు దాకా నేర్పారు, వాళ్ళ టీచరు ఆశ్చర్యపోయింది. కానీ పిల్లలకి ఏడాదికేడాది ఇంగ్లీషు ముదురుతుంది, తెలుగు పలచబడుతుంది. పన్నెండేళ్ళు వచ్చేసరికి మా వాడు బడి నుంచి రాగానే "హాయ్ తాతయ్యా" అని మెట్లెక్కేవాడు. అంతే.

ఇక్కడ ఒక నోటు పుస్తకం సంగతి చెప్పాలి. ఆయన తిరిగి వెళ్ళిపోయాక గది సర్దుతుంటే దొరికింది. మామూలు రూళ్ళ పుస్తకం. ప్రతి పేజీలో తేదీ, పక్కన గంటలూ నిమిషాలూ. పోస్టు బండి మా వీధికి వచ్చిన టైము అది. రెండున్నరేళ్ళు, ఆదివారాలూ సెలవులూ మినహాయించి రోజూ రాశారు. నెల చివర సగటు కట్టారు. మంచు పడ్డ రోజులకి వేరే గుర్తు పెట్టారు. శనివారాలు ఇరవై నిమిషాలు ముందుగా వస్తాడని అడుగున రాసుకున్నారు. లెక్కల మేష్టారు కదా, చేతిలో లెక్క లేకుండా ఉండలేకపోయారు. ఆఫీసులో నేను సర్వర్ల లాగులు చూసి ఎక్కడ ఎంత ఆలస్యమైందో చెప్పేవాణ్ణి. అదే ఇంట్లో మా నాన్నగారు రాస్తున్న లాగు నేను ఒక్కసారీ చూడలేదు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్తాను. 65 దాటిన వాళ్ళు గ్రీన్ కార్డుతో వస్తే మెడికేర్ వెంటనే రాదు. అయిదేళ్ళు ఏకధాటిగా ఇక్కడ ఉండాలి. ఆ తర్వాత కూడా, తనకో భార్యకో భర్తకో నలభై క్వార్టర్ల పని లేకపోతే ప్రీమియం కట్టి కొనుక్కోవాలి. 2025 లెక్కలో పార్ట్ ఎ కి నెలకి 518 డాలర్లు, పార్ట్ బి కి 185. ఫెడరల్ మెడికెయిడ్ కీ 1996 చట్టం నుంచి కొత్త గ్రీన్ కార్డుల వాళ్ళకి అయిదేళ్ళ గడువుంది. మధ్యలో ఆ అయిదేళ్ళు ఏం చెయ్యాలి? 2014 నుంచి మార్కెట్ ప్లేసులో పాత జబ్బులతో నిమిత్తం లేకుండా ఇన్సూరెన్సు కొనుక్కునే వీలుంది, మెడికేర్ ఉచితంగా రాని ఇలాంటి పెద్దవాళ్ళకి కూడా. నాకు ఆ సంగతి తెలియదు. కనుక్కోలేదు అనడం న్యాయం. అందరూ కొంటారు కదా అని విజిటర్ పాలసీ ఒకటి కొనిపెట్టాను. అందులో పాత జబ్బులకి దాదాపు ఏమీ రాదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

2015 ఫిబ్రవరిలో ఒక రాత్రి గుండెల్లో నొప్పన్నారు. 911 కి చేశాం. అంబులెన్సు, ఎమర్జెన్సీ, రక్తపరీక్షలు, స్కాన్లు, ఒక రాత్రి అక్కడే. తెల్లారాక గుండె భేషుగ్గా ఉంది, అజీర్తి అన్నారు. అందరం నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. మూడు వారాలకి బిల్లు వచ్చింది. 31 వేల డాలర్లు. బీపీ పాత జబ్బు కనక మేమివ్వం అన్నారు ఇన్సూరెన్సు వాళ్ళు. ఆస్పత్రి వాళ్ళతో ఎనిమిది నెలలు ఉత్తరాలు నడిపి, చివరికి దాన్ని పదకొండు వేలకి దింపుకుని, వాయిదాల మీద కట్టాను.

కట్టింది పెద్ద విషయం కాదు. ఒక సాయంత్రం నేనూ మా ఆవిడా వంటింట్లో ఆ బిల్లు గురించి గట్టిగా మాట్లాడుకున్నాం. ఆయన మేడ మెట్ల మీద ఉన్నారు. దాన్ని రూపాయల్లోకి మార్చుకోవడం ఆయనకి ఒక క్షణం పని. ఆ మొత్తం ఆయన పెన్షన్లో ఎన్నేళ్ళకి సమానమో కూడా చూసుకుని ఉంటారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయనకి ఒంట్లో బాగాలేదని ఎప్పుడూ అనలేదు. 2016 చలికాలంలో కాలి బొటనవేలికి పుండు పడితే, సుగరు మనిషి, నెల్లాళ్ళు మేజోళ్ళ కింద దాచారు. వాసన వచ్చి మా ఆవిడ కనిపెట్టింది. వేలు దక్కింది. డాక్టరు నా వంక చూసిన చూపు మాత్రం గుర్తుంది.

2017 జనవరిలో "ఇంటికెళ్తానురా" అన్నారు. "ఇదీ ఇల్లే కదా నాన్నగారూ" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. పంపించాను. అయితే గ్రీన్ కార్డు పోతుందేమోనని నా భయం. అక్కడినుంచి నేను చేసిన పని ఇంకా అన్యాయం. ఏటా ఒకసారి వచ్చి ముద్ర కొట్టించుకుంటే కార్డు నిలుస్తుందని మనవాళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయి ఉంది. నిజానికి రూలు అది కాదు. ఏడాది దాటి బయట ఉంటే మాట సరే, ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ళ దాకా వీలుంటుంది. కానీ తక్కువ రోజులు ఉన్నా సరే, మీ కాపురం ఇక్కడా అక్కడా అన్నదే అసలు ప్రశ్న. నేను 76 ఏళ్ళ మనిషిని, 77 ఏళ్ళ మనిషిని, ఒక ప్లాస్టిక్ కార్డు కోసం రెండుసార్లు ఇరవై రెండు గంటలు విమానంలో కూర్చోబెట్టాను. రెండోసారి నెవార్క్ లో ఆఫీసరు అడిగాడట, "మీరు ఎక్కడ ఉంటారు?" అని. "తెనాలి" అన్నారట. ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పిన మనిషి, ఇంకేమంటారు? ఆఫీసరు నవ్వి, ఇలా తిరగడం కుదరదని చెప్పి వదిలేశాడు. నేను కారులో ఆయన మీద విసుక్కున్నాను. "న్యూజెర్సీ అనొచ్చు కదా" అన్నాను.

తర్వాత 2020. ఇది వింటున్న ప్రతి ఇంట్లోనూ దాని కథ ఒకటి ఉంటుంది. ఆ మార్చిలో ఓసీఐ కార్డుల మీద ప్రయాణం ఆపేశారు, తర్వాత విమానాలే ఆగిపోయాయి. మొట్టమొదటి ఓసీఐ కార్డులు 2006 జనవరిలో హైదరాబాదు ప్రవాసీ భారతీయ దివస్ లోనే ఇచ్చారు. జీవితకాలం వీసా అని సంబరపడ్డాం. జీవితకాలంలోనూ మినహాయింపులుంటాయని అప్పుడు తెలిసింది. ఆంక్షలు క్రమంగా సడలించినా, 2021 మేలో మా అక్కా బావగారూ గుంటూరులో కరోనాతో పడిపోయినప్పుడు, నాన్నగారు పల్లెలో ఒక్కరే ఉన్నప్పుడు, నేను వెళ్ళలేదు. వెళ్ళలేకపోయాను అని చాలాకాలం చెప్పుకున్నాను. ఓసీఐ ఉన్నవాడిగా, అమెరికా పౌరుడిగా నాకు దారి ఉంది. భయపడ్డాను. ఎదురింటి వాళ్ళబ్బాయి, అప్పుడు ఇంటర్ చదువుతున్నవాడు, నెలరోజులు గేటు దగ్గర క్యారేజీ పెట్టి వెళ్ళేవాడు.

ఆ ఏడు ఆగస్టులో నాన్నగారు ఫోన్లో, "ఆ కార్డు వెనక్కి ఇచ్చెయ్యడానికి ఫారం ఉంటుందటగా, తెప్పించు" అన్నారు. ఉంటుంది. ఐ-407. ఒక సంతకం. మూడేళ్ళు ఇక్కడ ఉండి, రెండేళ్ళు తిరిగి, కాపాడుకున్న కార్డు కవర్లో పెట్టి పంపించేశారు. అయిదేళ్ళు నిండితే మెడికేర్, తర్వాత సిటిజన్‌షిప్, అని నేను వేసిన స్ప్రెడ్ షీట్ ఒకటి ఉండేది. ఆయన ముందే అడిగి ఉంటే నేను ఆ షీటే చూపించేవాణ్ణి.

నవంబరులో స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక. గుంటూరులో ఆపరేషను. అక్క వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అక్క కూడా టీచరే, అప్పటికి యాభై ఆరు. బావగారికి గుండెకి స్టెంటు పడి ఏడాది అయింది. రాత్రికి ఒక మనిషిని పెట్టారు, పదిరోజులకి మానేసింది. ఇంకొకరిని పెట్టారు. నేను నెలకి నలభై వేలు పంపేవాణ్ణి, రోజూ వీడియోలో మాట్లాడేవాణ్ణి. సంక్రాంతి ముందు ఒకసారి అక్క గొంతు అదోలా ఉంటే, "డబ్బు చాలకపోతే చెప్పక్కా, ఇంకో పది పంపుతాను" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఒరేయ్, నువ్వు ఆయనతో మాట్లాడతావు. నేను ఆయనకి గుడ్డలు మారుస్తాను. ఆయనకి నీ ఫోను వచ్చిన రోజు నవ్వొస్తుంది, నేను మంచం దగ్గరికి వస్తే కళ్ళు మూసుకుంటారు, కూతురు చెయ్యాల్సి వస్తోందని సిగ్గు. నీ పది వేలు దేనికి పనికొస్తాయో చెప్పు."

ఈ ముక్క నేను ఈ సభలో చెప్తానని అక్కని అడిగాను. చెప్పమంది. మన సావనీర్లలో అమ్మానాన్నల మీద కవితలు చాలా వస్తాయి, అక్కచెల్లెళ్ళ మీద ఎప్పుడైనా రాశారా అని కూడా అంది.

కాస్త నడక వచ్చాక, 2022 ఫిబ్రవరిలో, నాన్నగారే ఒక ప్రస్తావన తెచ్చారు. గుంటూరుకీ విజయవాడకీ మధ్య పెద్దవాళ్ళుండే చోటు ఒకటి ఉంది, తనతో పనిచేసిన సోషల్ మేష్టారు అక్కడే ఉన్నారు, తానూ వెళ్తానని. అక్క ఏడ్చింది. నేను అరిచాను. "వృద్ధాశ్రమమా? ఇద్దరు పిల్లలుండి? జనం ఏమనుకుంటారు?" అన్నాను. ఆయన నెమ్మదిగా, "జనం ఎవర్రా? నీ జనం అమెరికాలో ఉన్నారు. నా జనంలో సగం మంది పోయారు, మిగిలిన సగం అక్కడున్నారు" అన్నారు.

నేను వెళ్ళి ఆ చోటు చూశాను. మీలో చాలామంది వచ్చే అయిదారేళ్ళలో ఇలాంటి చోట్లు చూడబోతున్నారు కనక, కాస్త వివరంగా చెప్తాను. గచ్చు, తోట, గుడి అందరూ చూపిస్తారు. అడగవలసినవి వేరే. మంచాన పడితే ఉంచుతారా, పంపించేస్తారా? చాలా చోట్ల నడవగలిగినంత కాలమే ఉంచుతారు, ఆ మాట కాగితంలో మూడో పేజీలో ఉంటుంది. మతిమరుపు వస్తే? రాత్రి రెండు గంటలకి నర్సు నిజంగా ఉంటుందా, లేక ఫోను నంబరు ఉంటుందా? కట్టిన డిపాజిట్టు మనిషి పోయాకో, వద్దనుకుంటేనో ఎన్నాళ్ళకి వెనక్కిస్తారు? ఆపరేషను థియేటరున్న ఆస్పత్రి ఎన్ని నిమిషాలు? నేను ఆ దూరం రెండుసార్లు కారులో కొలిచాను. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం రద్దీలో ఒకసారి. పదమూడు నిమిషాలూ, ముప్పై ఒక్క నిమిషాలూ. ఈ కొలతలు మా వంశంలో ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, నిర్వాహకులు పక్కన లేకుండా అక్కడి పెద్దవాళ్ళతో ఒక పూట భోంచెయ్యడం. పెరుగు పుల్లగా ఉందని ఒకాయన గట్టిగా దెబ్బలాడుతున్నాడు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. దెబ్బలాడడానికి భయపడని చోటు.

డిపాజిట్టు అయిదు లక్షలు, నెలకి ఇరవై ఎనిమిది వేలు. సగానికి పైగా ఆయన పెన్షన్లోంచే కడతారు, నన్ను ముట్టుకోనివ్వరు. అన్నిచోట్లా ఇలా ఉంటుందని చెప్పను. హైదరాబాదు చుట్టుపక్కల, కోయంబత్తూరులో ఇంతకి మూడింతలు పెట్టే చోట్లున్నాయి. నలుగురిని ఒక గదిలో కుక్కి, టీవీ ముందు కూర్చోబెట్టే చోట్లూ చూశాను. అక్కడ ఒక రాత్రి కూడా ఉంచను.

ముందు వరసల్లో ఉన్న పెద్దలతో ఒక్క మాట. ఇల్లో పొలమో పిల్లల పేరున రాసేటప్పుడు, మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షను ప్రకారం, అలాంటి షరతు మీద రాసిచ్చాక పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్ ఆ రాతని రద్దు చెయ్యగలదు. షరతు లేదు కాబట్టి కుదరదన్న తీర్పు 2022 లో సుప్రీంకోర్టు నుంచే వచ్చింది. అదే చట్టం కింద పోషణకి నెలకి ఇప్పించగల గరిష్ఠం పదివేలు. చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకి కూడా వర్తిస్తుందని మొదటి సెక్షన్లోనే ఉంది. అమెరికా పౌరులైపోయిన నాలాంటివాళ్ళు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకుంటారేమో, నాకు తెలియదు. నాకైతే సిగ్గేసింది.

ఇక మన సంగతి. నలభైల్లో ఉన్నవాళ్ళం, రిటైరయ్యాక ఊరెళ్ళిపోయి, నాలుగెకరాలు కొని, మామిడి తోటలో మంచం వేసుకుంటామని ప్రతి పార్టీలోనూ అనుకుంటాం. ఓసీఐ ఉన్నవాళ్ళు ఇండియాలో వ్యవసాయ భూమి గానీ, ఫామ్ హౌస్ గానీ కొనడానికి లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. మెడికేర్ ఇండియాలో పనిచెయ్యదు. అక్కడ ఉన్నాం కదా అని 65 లో పార్ట్ బి వదిలేసి, 72 లో మోకాలు నొప్పితో వెనక్కి వస్తే, ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకీ పది శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది, అదీ ఉన్నంతకాలం. పదేళ్ళు నిండకుండా వెళ్ళిపోయే హెచ్-1బి పిల్లలు కట్టిన సోషల్ సెక్యూరిటీకి నలభై క్రెడిట్లు నిండవు, రెండు దేశాల మధ్య ఆ లెక్కలు కలిపే ఒప్పందం లేదు. ఇండియాలో మాత్రం ఒక మంచి మార్పు వచ్చింది. 65 దాటితే కొత్తగా ఆరోగ్య బీమా ఇవ్వనక్కర్లేదన్న పరిమితిని 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు. ప్రీమియం మాటేమిటని అడక్కండి. ఇక్కడే ఉండిపోదామనుకునే వాళ్ళకి ఫ్లోరిడాలో టవారెస్ అనే ఊళ్ళో శాంతినికేతన్ అని, మన దేశం వాళ్ళ కోసం 55 దాటిన వాళ్ళు ఉండే కాలనీ వచ్చింది. మా ఆవిడ అక్కడికి వెళ్దామంటుంది. నేను ఇంకా తేల్చుకోలేదు. మొన్న ఇల్లు మారేటప్పుడు మాత్రం స్కూళ్ళ ర్యాంకు చూడలేదు. వీధికి పేవ్‌మెంటు ఉందా, కొట్టుకి నడిచి వెళ్ళగలమా అని చూశాం. రియల్టరు మమ్మల్ని వింతగా చూశాడు.

నాన్నగారికి ఇప్పుడు 83. కర్ర పట్టుకుని నడుస్తారు. ఆ చోట వంటవాళ్ళ పిల్లలు ఆరుగురికి సాయంత్రం లెక్కలు చెప్తారు. అక్క ప్రతి ఆదివారం వెళ్తుంది, ఇద్దరూ ఇప్పుడు మళ్ళీ తండ్రీ కూతుళ్ళలాగా పోట్లాడుకుంటున్నారు. ట్రెజరీకి ఇచ్చే కాగితం కోసం ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా వేసుకుంటారు. అన్నీ బాగున్నాయని చెప్పను. పోయినేడు సోషల్ మేష్టారు పోయారు. నెలరోజులు ఫోను తీస్తే "ఊ" తప్ప మాట లేదు. అలాంటప్పుడు ఇక్కడ కూర్చుని నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, ఫోను పెట్టెయ్యకుండా ఉండడం తప్ప. కొన్ని రోజులు ఇద్దరం అరగంట ఏమీ మాట్లాడకుండా ఫోను పట్టుకుని కూర్చున్నాం.

వచ్చే జూన్ లో మా అమ్మాయి హైస్కూలు గ్రాడ్యుయేషను. తాతయ్య రావాలని పట్టుబట్టింది. ఆయన్ని అడిగాను. టూరిస్టు వీసా ఉంది, డాక్టరు సరే అంటే ఆరు వారాలు వస్తానన్నారు. ఈసారి అమెరికా ఇన్సూరెన్సు పాలసీలు నాలుగు, చిన్న అక్షరాలతో సహా చదివి, ఆయనకి ఫోన్లో వినిపించాను. అంతా విని, "అది సరేరా, ముందు తిరుగు ప్రయాణం టికెట్టు ఏ తేదీకి కొన్నావో అది చెప్పు" అన్నారు. జూలై 11 అన్నాను. పక్కనెవరికో ఆ తేదీ గట్టిగా చెప్పడం, అవతల కాగితం మీద రాసుకుంటున్న చప్పుడూ వినిపించాయి.

భోజనాలు పెడుతున్నట్టున్నారు.